కాలర్ తిప్పడం అడగడానికి వచ్చిన బెన్

నా దుకాణం తాళంచెవులు నా చేతిలోంచి తీసుకున్నారు. నాకు మతి తప్పుతోందేమోనని ఒక కాగితం మీద రాసి, ఆ కాగితం చూపించి నాలుగు నెలలు నన్ను ఇంట్లో కూర్చోబెట్టారు. నేను చేసిందల్లా ఒక గురువారం పొద్దున నా కళ్లతో చూసింది చూసినట్టు చెప్పడం. నాకు జరిగింది అన్యాయం. ఆ మాట ముందు చెప్పి, మిగతాది తర్వాత చెబుతాను.

దయ్యాలనూ భూతాలనూ నేను ఏనాడూ నమ్మలేదు. సిద్దిపేటలో ఐదో తరగతితో బడి మానేసి కుట్టు మిషన్ ముందు కూర్చున్నవాణ్ణి. ఆ తర్వాత చదివిందంతా గ్రంథాలయంలో నాకు నేనుగా చదువుకున్నదే. చీకట్లో గోడకు తగిలించిన కోటును చూసి జడుసుకున్నవాళ్లను చాలామందిని ఎరుగుదును. ఆ కోట్లు కుట్టింది నేనే. వాటి లోపల ఏముందో నాకు తెలుసు.

నా జ్ఞాపకశక్తి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, గొడవంతా దాని మీదే కాబట్టి. నలభై ఐదేళ్ల కిందట మా ఊరి తాలూకాఫీసు గుమాస్తాకు కుట్టిన పెళ్లి సూటు కొలతలు అడగండి, చెబుతాను. ఛాతీ ముప్పై ఆరు, నడుము ముప్పై, చేయి ఇరవై మూడున్నర, ఎడమ భుజం కుడి భుజం కంటే అర అంగుళం కిందికి. పుస్తకం చూసి చెబుతున్నానని అనుకోకండి. ఆ కొలతల పుస్తకాన్ని చెదలు తిని ఏనాడో పోయింది.

ఇప్పుడు ఉండేది ఇంగ్లీషువాళ్ల దేశంలో, క్రోయిడన్ అనే ఊళ్లో. కుట్టుపని ఫ్యాక్టరీలో పనికని ఈ దేశం వచ్చాను. ఫ్యాక్టరీ మూతపడ్డాక ట్రామ్ స్టాప్ పక్కన చిన్న దుకాణం తీసుకుని అల్టరేషన్స్ అని బోర్డు పెట్టాను. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, పెళ్లయ్యాక పెరిగిన నడుములకు గుడ్డ వదలడం, ఇదీ పని. భార్య పోయాక మా అమ్మాయి సుజాత దగ్గరే ఉంటున్నాను. ఆఫీసులకు పోయేవాళ్లు రైలెక్కే ముందు బట్టలు ఇచ్చి పోతారని పొద్దున ఆరున్నరకే షట్టర్ ఎత్తడం నా అలవాటు.

లిండా అనే ఆవిడ రోజూ మా దుకాణం ముందు నుంచే పనికి వెళ్తుంది. రెండు ట్రామ్ స్టాపుల అవతలి బడి వంటగదిలో పని. ఆవిడ కొడుకే బెన్. తల్లీ కొడుకూ మార్మన్ మతస్తులు, అది క్రైస్తవంలోనే ఒక శాఖ. ఆ మతంలో పద్దెనిమిదీ పందొమ్మిదేళ్ల కుర్రాళ్లు రెండేళ్ల పాటు ఇల్లు వదిలి, పంపిన చోటికి పోయి, మతం గురించి చెబుతూ, ఊరివాళ్లకు సాయం చేస్తూ ఉంటారు. ఎక్కడికి పోవాలో వాళ్లు ఎంచుకునేది ఏమీ లేదు. బెన్‌కు సమోవా అని వచ్చింది. పసిఫిక్ సముద్రం నడుమ దీవి. నేను లైబ్రరీకి పోయి గ్లోబు తిప్పి చూశాను. క్రోయిడన్ మీద ఒక అరచేయి, సమోవా మీద ఒక అరచేయి పెడితే భూగోళం మొత్తం రెండు చేతుల మధ్య పట్టుకున్నట్టయింది.

వెళ్లే ముందు ఎనిమిది తెల్ల చొక్కాలు తెచ్చాడు, నడుము దగ్గర బిగించమని. మనిషి వెదురు గడలా ఉంటాడు, రెడీమేడ్ చొక్కా వేస్తే గాలికి ఉబ్బుతుంది. కొలతలు తీసుకుంటుంటే అడిగాడు.

“అంకుల్, గుండీ కుట్టడం నేర్పుతారా? అక్కడ మా అమ్మ ఉండదు.”

ఇన్నేళ్లలో నాకు పని ఇచ్చినవాళ్లు వేలమంది. నేర్పమని అడిగిన కస్టమర్ అతనొక్కడే. ఆరు మధ్యాహ్నాలు వచ్చాడు. గుండీ కుట్టడం, అంచు మడిచి కుట్టడం, చిరుగుకు మాసిక వేయడం, ఈ మూడే నేర్పాను. నాలుగోది నేర్పలేదు. దీని మీదే తర్వాత నన్ను తిప్పి తిప్పి అడిగారు కాబట్టి ముందే రాస్తున్నాను.

ఆ మతంవాళ్లు టీ ముట్టరు. నాకు తెలిసీ వచ్చిన ప్రతిసారీ అడిగేవాణ్ణి, “టీ తాగుతావా?” అని. “ఈ రోజుకు కూడా వద్దు అంకుల్” అనేవాడు. ఒకే ఒక్కసారి వాళ్ల మత గ్రంథం ఇవ్వనా అన్నాడు. “నా దేవుళ్లకే నేను సరిగ్గా దణ్ణం పెట్టలేకపోతున్నాను, ఇంకొకాయన్ని తెచ్చి ఎక్కడ కూర్చోబెట్టమంటావు?” అన్నాను. “కుర్చీ నేను తెస్తాను” అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు. మాట నిలబెట్టుకునే కుర్రాడని ఆ రోజే అనుకున్నాను.

వెళ్లాక ప్రతి సోమవారం తల్లికి ఉత్తరం రాసేవాడు. వాళ్లకు బట్టలు ఉతుక్కోవడానికీ, ఇంటికి రాసుకోవడానికీ, ఫోన్‌లో మొహాలు చూసుకుని మాట్లాడుకోవడానికీ ఆ రోజే సెలవు. మంగళవారం లిండా ఆ ఉత్తరం ప్రింట్ తీసుకుని వచ్చి, ట్రామ్ వచ్చేలోపు కౌంటర్ దగ్గర నిలబడి చదివి వినిపించేది. మొదట్లో మర్యాదకు విన్నాను. నెల తిరిగేసరికి మంగళవారం కోసం సోమవారం నుంచే ఎదురుచూడటం మొదలుపెట్టాను.

ఆ దీవిలో అతని బతుకు నాకు చూసినట్టే తెలుసు. పొద్దున ఆరున్నరకు లేవాలి. బకెట్టు నీళ్లతో స్నానం. ఒక గంట చదువు, ఒక గంట ఆ భాష. ఏడేళ్ల పిల్లలు అతని ఉచ్చారణకు పడీ పడీ నవ్వి సరిదిద్దుతారట. పందొమ్మిదేళ్ల కుర్రాణ్ణి పట్టుకుని అందరూ ‘ఎల్డర్’ అంటారు, అంటే పెద్దాయన. వాళ్లమ్మకు అది చదివినప్పుడల్లా నవ్వే. “పక్క దుప్పటి మడతపెట్టడం రాదు మా పెద్దాయనకు” అనేది.

క్రోయిడన్‌లో ఇలాంటి కుర్రాళ్లు తలుపు తడితే జనం కర్టెన్ చాటు నుంచి చూసి ఊరుకుంటారు. నేనూ ఊరుకున్నవాణ్ణే, దాచేదేముంది. అక్కడి పల్లెల్లో ఇళ్లకు గోడలే తక్కువట. స్తంభాలు, పైన కప్పు, కింద చాపలు. తట్టడానికి తలుపు లేక మొదటి వారం రోడ్డు మీదే నిలబడిపోయాడు. లోపలి నుంచి ఎవరో ముసలమ్మ కేకేసి పిలిచి, కూర్చోబెట్టి, చామాకులో కొబ్బరిపాలు పోసి వండింది పెట్టింది. తిన్నాక మళ్లీ పెట్టింది. వద్దంటే మళ్లీ పెట్టింది. మా అమ్మను చూసినట్టనిపించింది నాకు.

బట్టల సంగతి నేను గుచ్చి గుచ్చి అడిగేవాణ్ణి. పైన తెల్ల చొక్కా, టై. కింద ప్యాంటు లేదు, నల్లటి గుడ్డ నడుముకు చుట్టుకోవడమే, మన లుంగీలాగా. తేడా ఏమిటంటే దానికి జేబులుంటాయి, నడుముకు పట్టీ ఉంటుంది. కాళ్లకు చెప్పులు. లుంగీకి జేబు పెట్టాలన్న ఆలోచన నా తలకు యాభై ఏళ్లలో రాలేదు. ఆ వారమంతా ఆ దీవి దర్జీలను మెచ్చుకుంటూ గడిపాను.

వాళ్లకొక నియమం ఉంది. ఒక్కడే ఎక్కడికీ పోకూడదు. ఎప్పుడూ జంటగా, ఒకరి కంటికి ఒకరు ఆనేంత దూరంలో ఉండాలి. బెన్ జోడీ టావిటా అనే కుర్రాడు, ఆ దీవివాడే. ఇద్దరూ కలిసి తుఫానుకు ఎగిరిన రేకులు ఎక్కించారు. కాలు విరిగిన రైతు చామతోట నెల రోజులు తవ్వారు. బెన్ పాదానికి పుండు లేచి చీము పట్టినా, పడుకోమంటే పడుకోకుండా, ఆ రైతు ఇంట్లో కూర్చుని కొబ్బరి తురిమాడట. జీతం ఇచ్చేవాడు లేడు, మెచ్చుకునేవాడు లేడు. ఆ వయసులో నేను అలా ఉండగలిగేవాణ్ణా అని నన్ను నేను అడిగాను. లేదనే జవాబొచ్చింది.

ఇంకొకటి నాకు బాగా నచ్చింది. సాయంత్రం ఆరూ ఏడింటి మధ్య ఊళ్లో శంఖం ఊదుతారు. ఊదగానే ఊరంతా ప్రార్థనకు కూర్చుంటుంది. రోడ్డు మీద నడిచేవాళ్లు నడక ఆపేస్తారు. పిల్లలు బంతి పట్టుకుని ఉన్నచోటే ఆగుతారు. మళ్లీ ఊదేదాకా ఎవరూ కదలరు. వాళ్ల మతం వేరు, ఆ ఊళ్లో మిగతావాళ్ల చర్చి వేరు, అయినా ఆ పది నిమిషాలు అందరిదీ ఒకటే నిశ్శబ్దం అని రాశాడు. లిండా అది చదువుతున్నప్పుడు ట్రామ్ వచ్చి పోయింది. ఇద్దరం గమనించలేదు.

మే నెల చివర్లో వచ్చిన ఉత్తరంలో, చొక్కాల కాలర్లు చెమటకూ బండకేసి ఉతకడానికీ అరిగి చిరుగుతున్నాయని ఒక ముక్క ఉంది. అది నేను విన్నాను. దాచను. తర్వాత నన్ను అనుమానించినవాళ్లకు ఆ ముక్కే ఆధారం.

ఇక ఆ గురువారం. జూన్ నెల, సూర్యుడు లేచి చాలా సేపయింది. షట్టర్ ఎత్తి, లైటు వేసి, ఇస్త్రీపెట్టె వేడికి పెట్టాను. మిషన్‌లో నల్ల దారం తీసి తెల్లది ఎక్కిస్తున్నాను. తల ఎత్తేసరికి కౌంటర్ అవతల బెన్ నిలబడి ఉన్నాడు.

నల్లబడ్డాడు, చిక్కాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు గానీ మెడ చుట్టూ కాలర్ లేదు. నడుముకు నల్లటి గుడ్డ, చెప్పులు. కుడి పాదం మీద మానిన పుండు మచ్చ, గులాబీ రంగులో. కట్టెల పొగ వాసన వచ్చింది. ముందే ఇంటికి పంపించేశారు కాబోలు, పాపం అనుకున్నాను. నాకు వచ్చిన ఆలోచన అదొక్కటే. భయం వేయలేదు. వేయడానికి కారణమూ కనిపించలేదు.

“ఎప్పుడొచ్చావు? నీ జోడీ ఏడి?” అన్నాను.

“ఇక్కడే ఉన్నాడు అంకుల్” అన్నాడు. నేను తలుపు వైపు చూశాను. ఎవరూ లేరు.

చేతిలో ఉన్నది కౌంటర్ మీద పెట్టాడు. చొక్కా కాలరూ, దాని కిందుండే పట్టీ, రెండూ. కాలర్ మడత దగ్గర అరిగిపోతే దాన్ని విప్పి తిరగేసి, అరగని వైపు పైకి వచ్చేలా మళ్లీ కుట్టడం మా దర్జీల పాత పద్ధతి. కాలర్ తిప్పడం అంటాం. ఈ రోజుల్లో ఎవరూ చేయించుకోరు, కొత్తది కొనుక్కుంటారు. బెన్ అదే చేయబోయాడు. కొత్తవాళ్లు చేసే తప్పే చేశాడు. కాలర్ ఒక్కటే విప్పాల్సింది, కింది పట్టీని కూడా చొక్కా నుంచి విప్పేశాడు. రెండూ కలిపి తిప్పితే గుండీ ఉండాల్సిన చోట కాజా వస్తుంది, కాజా ఉండాల్సిన చోట గుండీ. అతను ఆ చిక్కులో ఇరుక్కుని, ఎటు తిప్పాలో తెలియక నిలబడ్డాడు.

“పట్టీని ఎవడు విప్పమన్నాడు నిన్ను?” అని కసిరాను. దర్జీకి కోపం అలాగే వస్తుంది. “పట్టీ ఎలా ఉండేదో అలాగే చొక్కాకు కుట్టేయి. కాలర్ ఒక్కటే తిప్పు. నడిమధ్య గుర్తు పెట్టుకుని, మధ్య నుంచి అంచులకు కుట్టు. అంచుల నుంచి మధ్యకు వచ్చావంటే మెడ వంకర పోతుంది.” ప్యాటర్న్ గీసే గోధుమరంగు కాగితం మీద సుద్దతో గీసి చూపించాను. వంగి శ్రద్ధగా చూశాడు. వేలితో ఆ గీత వెంట వెళ్లాడు. “మధ్య నుంచి అంచులకు” అని నా మాటే మళ్లీ అన్నాడు.

“టీ తాగుతావా?” అన్నాను. ఎప్పుడూ చెప్పే జవాబు చెప్పలేదు. నవ్వాడు, అంతే. నేను సుద్ద డబ్బాలో పెట్టడానికి వంగాను. లేచేసరికి లేడు. పొడుగు కాళ్ల కుర్రాడు, రెండు అంగల్లో రోడ్డెక్కి ఉంటాడనుకుని నా పనిలో పడ్డాను. దుకాణంలో కెమెరా లేదు. ఉంటే ఇదంతా రాసే అవసరం వచ్చేది కాదు.

ఎనిమిదిన్నరకు లిండా కనిపించింది. నేను తలుపు దగ్గరికి పోయి సంతోషంగా కేకేశాను.

“లిండా, అబ్బాయి వచ్చాడని చెప్పనే లేదేం? పొద్దున నన్ను చూసి పోయాడు!”

ఆవిడ ముఖంలో రంగు పోవడం నేను చూశాను. గోడ పట్టుకుంది. “ఎక్కడ? ఎలా ఉన్నాడు?” అంది. నేను చెబుతుండగానే ఫోన్ కోసం బ్యాగు వెతుక్కుంది. అప్పుడు గానీ నాకు తట్టలేదు, ఆవిడ ఏమనుకుంటోందో. దూరాన ఉన్న కొడుకు ఉన్నట్టుండి ఒకరికి కనిపించి మాయమయ్యాడంటే ఏ తల్లి అయినా ఏమనుకుంటుంది?

ఆ దీవిలోని వాళ్ల ఆఫీసుకు ఫోన్ మీద ఫోన్ చేసింది. అక్కడ అప్పటికి రాత్రి. కుర్రాళ్లు ఉన్న పల్లెకు కబురు పోయి తిరిగి రావడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ నా దుకాణంలోనే, నేను వేసిన కుర్చీలో కూర్చుంది. బెన్ క్షేమంగా ఉన్నాడని, ఊళ్లోనే ఉన్నాడని, టావిటా పక్కనుంచి కదల్లేదని కబురొచ్చింది. లిండా నా మీద అరవలేదు. అరిచినా బాగుండేది.

“మాస్టర్, రెండు గంటలు నా కొడుకు చచ్చిపోయాడనుకున్నాను” అని, లేచి వెళ్లిపోయింది. ఆ తర్వాత మంగళవారాలు రాలేదు. ఆ సాయంత్రమే మా అమ్మాయికి ఫోన్ చేసి, మీ నాన్నను ఒకసారి డాక్టరుకు చూపించండి అని చెప్పింది. ఆవిడ మంచికే చెప్పింది.

సుజాత ఇంటికి రాగానే నా పక్కన కూర్చుంది.

“నాయినా, కల గన్నవేమో. పొద్దుగాల్నే లేస్తవు, నిద్ర సాల్తలేదు నీకు.”

“సూదిల దారం ఎక్కిస్తా నిలబడి కల గంటరా?”

“గట్లయితే ఆ పిల్లగాడు ఆడెట్ల ఉంటడు, ఈడెట్ల ఉంటడు?”

“గదే నాకూ తెల్వదు బిడ్డా. చూసిన, చెప్పిన. అంతే.”

మా పేట డాక్టరు, ఇక్కడ జీపీ అంటారు, చిన్నపిల్ల, మర్యాదస్తురాలు. నూటి నుంచి ఏడేసి తగ్గిస్తూ పొమ్మంది. పోయాను, ఆపమనేదాకా. గడియారం గీయమంది. గీశాను, స్కేలు అడిగితే నవ్వింది. ఒక పేరు, ఇంటి నంబరు, వీధి, ఊరు చెప్పి గుర్తుపెట్టుకోమంది. ఆ నాలుగూ ఇప్పటికీ చెప్పగలను. అన్నీ అయ్యాక ఆ గురువారం సంగతి అడిగింది. నేను ఒక్క మాట మార్చి చెప్పి ఉంటే, పొరబడ్డానమ్మా అని ఉంటే, అక్కడితో అయిపోయేది. చెప్పలేదు. దేశంలో లేని మనిషిని చూశానంటున్నాడు, జ్ఞాపకశక్తి లోపం మొదలై ఉండవచ్చు, నిపుణులకు చూపించేదాకా వేడి పరికరాలతో ఒంటరిగా పనిచేయకపోవడం మంచిది అని కాగితం వచ్చింది. ఆ నిపుణుల దగ్గర నా వంతు ఇప్పటికీ రాలేదు.

“ఇస్త్రీపెట్టె బంద్ చేసుడు మర్సిపోతే ఏం గతి?” అంది సుజాత, తాళంచెవుల గుత్తి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంటూ.

“ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న మర్సిపోయిన్నా?”

“ఒక్కసారి సాలదా నాయినా?”

అది భయపడింది, ప్రేమతోనే భయపడింది. నా కోపం దాని మీద కాదు. నలభై ఐదేళ్ల కిందటి భుజం కొలత గుర్తున్నవాడి గురించి, ఆ కొలత అడగకుండానే కాగితం రాశారే, దాని మీద. పని లేని దర్జీ చేతులు ఎలా ఉంటాయో ఆ కాగితం రాసినవాళ్లకు తెలియదు. సోఫా దిండు గలీబులు విప్పి మళ్లీ కుట్టుకుంటూ కూర్చున్నాను.

నేను గీసిన కాగితం తెచ్చి చూపించాను. నువ్వే గీసి ఉంటావు అన్నారు. అవును, నేనే గీశాను. ఎవరికోసం గీశానన్నదే కదా ప్రశ్న.

మూడు వారాల తర్వాత లిండా ఇంటికి వచ్చింది, నన్ను పరామర్శించడానికి. మనసు మంచిది. ఫోన్‌లో బెన్ ఫొటో చూపించింది, ఆ గురువారం తర్వాతి ఆదివారం ప్రార్థన సభలో తీసింది. నేను కాలర్ పెద్దది చేసి చూశాను. కొనల దగ్గర కింది వైపు ఉండాల్సిన సన్న కుట్టు పైకి కనిపిస్తోంది. గుండీ దాని చోట అది ఉంది. కాలర్ తిప్పారు, పట్టీని తిప్పలేదు. మెడ దగ్గర ఒక్క వంకర లేదు.

“ఇది తిప్పిన కాలర్. ఎవరు నేర్పారు?” అన్నాను.

“మీరే నేర్పి ఉంటారు మాస్టర్, వెళ్లేముందు” అంది లిండా.

“నేర్పలేదు.”

లిండా సుజాత వైపు చూసింది. సుజాత కళ్లు దించుకుంది. ఆ ఒక్క చూపు నన్ను కోసినంతగా ఆ కాగితం కూడా కోయలేదు.

ఆ రోజే లిండాను బెన్ చిరునామా అడిగాను. ఆవిడ తటపటాయించింది. నేను అతనికి కనిపించడాలూ మాయమవడాలూ ఏమీ రాయనని మాట ఇచ్చాను. ఆవిడ కూడా అతనికి చెప్పలేదు. దర్జీ అంకుల్‌కు ఒంట్లో బాగాలేదు, ప్రార్థించు అని మాత్రమే చెప్పిందట. లిండా అబద్ధం ఆడదు.

నిఘంటువు పక్కన పెట్టుకుని నాలుగుసార్లు చిత్తు రాసి, ఇంగ్లీషులో చిన్న ఉత్తరం తయారుచేశాను. కాలర్ అనే మాట రాయలేదు. దుకాణం అనే మాట రాయలేదు. సాక్షికి జవాబు అందించకూడదని ఎక్కడో చదివాను. ఒకటే అడిగాను: ఫలానా గురువారం, మీ దగ్గర సాయంత్రం ఆరున్నరకు, నువ్వెక్కడ ఉన్నావు, నీ చేతిలో ఏముంది? జూన్‌లో మాకూ వాళ్లకూ సరిగ్గా పన్నెండు గంటల తేడా. ఇక్కడి పొద్దున ఆరున్నర అక్కడి సాయంత్రం ఆరున్నర.

జూలై పోయింది. ఆగస్టు, సెప్టెంబరు పోయాయి. జవాబు రాదని సుజాత అనుకుంది. నేనూ అనుకున్నాను. అక్టోబరులో వచ్చింది, చేత్తో రాసిన రెండు పేజీలు.

నేను అన్ని వైపుల నుంచీ ఆలోచించాను. కల అనుకుందామంటే నిలబడి ఉన్నాను. మతిమరుపు అనుకుందామంటే మరిచిపోయింది ఏదీ లేదు, అదనంగా చూసింది ఉంది. చనిపోయినవాళ్లు కనిపిస్తారంటారు, నేను నమ్మను. అయినా ఇతను బతికే ఉన్నాడు. పుస్తకాల్లో వెతికాను, దొరకలేదు. ఆ పొద్దున నా కౌంటర్ ముందు నిలబడింది ఏమిటో ఇప్పటికీ నాకు తెలియదు. తెలిసిందని ఎవరైనా చెబితే వినడానికి సిద్ధంగా ఉన్నాను. సుజాత ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. తాళంచెవులు తీసి నా ముందు పెట్టి, నా చేయి పట్టుకుని కూర్చుంది. ఆ కుర్రాడు ఇది రాస్తే తనను ఏమనుకుంటారో తెలిసే రాశాడు. అతని మాటలను నాకు చేతనైన తెలుగులో కింద పెడుతున్నాను.

“అంకుల్, నన్ను వేరే ఊరికి మార్చారు, మీ ఉత్తరం వెతుక్కుంటూ ఆలస్యంగా వచ్చింది. మీరు అడిగినదానికే జవాబు చెబుతాను. ఆ గురువారం శంఖం ఊదినప్పుడు నేనూ టావిటా ఒకరింట్లో చాప మీద కూర్చుని ఉన్నాం. నా చేతిలో చొక్కా కాలర్ ఉంది. ఆదివారం నేను సభలో మాట్లాడాలి, వేసుకోదగ్గ చొక్కా అదొక్కటే, దాన్ని విప్పి పాడుచేసుకున్నాను. దేవుణ్ణి కుట్టు గురించి అడగడానికి సిగ్గేసి, కళ్లు మూసుకుని మీ గురించి ఆలోచించాను. కళ్లు తెరిచేసరికి అందరూ భోజనాలకు కూర్చున్నారు. టావిటా భయపడిపోయి ఉన్నాడు. మూడుసార్లు పిలిచాను, ఎక్కడికి పోయావు అన్నాడు. దర్జీ దగ్గరికి అన్నాను. ఎందుకన్నానో తెలియదు. మర్నాడే కాలర్ కుట్టుకున్నాను, ఎలా కుట్టాలో నాకు తెలుసు. ఎలా తెలిసిందని టావిటా అడిగితే చెప్పలేకపోయాను. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. నేను మీ దగ్గరికి వచ్చానని ప్రమాణం చేయలేను. రాలేదని చెబితే మాత్రం అబద్ధమవుతుంది. ఈ సోమవారం అమ్మకు కూడా ఇదే చెబుతాను. మీకు మతి తప్పిందని ఎవరైనా అంటే, ముందు నన్ను పరీక్ష చేయమనండి అంకుల్. తిరిగి రాగానే నేనే వెళ్లి ఆ డాక్టరు ముందు కూర్చుంటాను.”